ద్రాస్‌లో ఒక రాత్రైనా ఉండండి

శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే మన హైదరాబాద్ వాళ్లు చాలామంది దారిలో వచ్చే లద్దాఖ్ ఊరు ద్రాస్‌లో టీ తాగి, కార్గిల్ వార్ మెమోరియల్ దగ్గర ఫొటోలు దిగి బయల్దేరిపోతున్నారు. ట్రావెల్స్ వాళ్ల ప్లాన్‌లోనే దానికి అరగంట అని ఉంటుంది. మేం ముందే గట్టిగా అడిగి రాత్రి బస ద్రాస్‌కి మార్పించుకున్నాం, చాలా మంచి పని జరిగింది.

నేను వెళ్లిందే కార్గిల్ యుద్ధంలో అమరుడైన మేజర్ పద్మపాణి ఆచార్య కోసం. సొంత రాష్ట్రం ఒడిశా అయినా ఉండేది హైదరాబాద్‌లోనే, డిగ్రీ చదివింది మన ఉస్మానియాలో. తండ్రి ఎయిర్‌ఫోర్స్‌లో వింగ్ కమాండర్‌గా చేశారు. 1999 జూన్ 28న ద్రాస్ దగ్గరి తోలోలింగ్ కొండ వైపు, పాకిస్తాన్ వాళ్ల చేతిలో ఉన్న లోన్ హిల్ మీద దాడిలో రెండో రాజ్‌పుతానా రైఫిల్స్ కంపెనీ (సైనిక దళం) ఒకటి ఆయన చేతిలో ఉంది, చుట్టూ మందుపాతరలు, పైనుంచి మెషిన్‌గన్లు. ముందు వెళ్లిన ప్లటూన్ (కంపెనీలో చిన్న దళం) మీద శతఘ్ని గుండ్లు పడి చాలామంది కూలిపోతే, వెనక ఉంచిన ప్లటూన్‌ని తానే తీసుకుని ఆ గుండ్ల మధ్యే పైకి వెళ్లారు, పాక్కుంటూ బంకర్ దాకా పోయి గ్రెనేడ్లు విసిరారు, కదల్లేనంతగా గాయపడ్డాక కూడా నన్నొదిలి ముందుకెళ్లండని చెప్పి కాలుస్తూనే ఉన్నారు. పోస్టు మనకు దక్కింది, ఆయన దక్కలేదు. అప్పటికి పుట్టినరోజు జరిగి వారమే. భార్య గర్భవతి. పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు అబ్బాలని, కోడలికి రోజుకో మహాభారత కథ చెప్పమని అంతకు కొద్దిరోజుల ముందే తండ్రికి ఉత్తరం రాశారు. తర్వాత పాప పుట్టింది. ఆయనకు యుద్ధంలో చూపిన సాహసానికిచ్చే రెండో అత్యున్నత పురస్కారం మహావీర్ చక్ర ఇచ్చారు.

మెమోరియల్‌లో అమరుల పేర్లున్న గోడ ముందు నిలబడి తలెత్తితే వెనకాలే తోలోలింగ్. అంత నిటారు కొండ రాత్రిపూట ఎలా ఎక్కారో! అక్కడి జవాన్లు యుద్ధం గురించి వివరంగా చెబుతారు, హిందీ రాకపోతే పక్కన తెలిసినవాళ్లు ఉండేలా చూసుకోండి. మ్యూజియానికి కూడా టైమ్ ఉంచుకోండి.

బస విషయానికొస్తే ద్రాస్‌లో గదులు తక్కువ, ఉన్నవీ సాదాసీదా. మాకు వేడినీళ్లు బకెట్‌తో తెచ్చిచ్చారు, భోజనం అన్నం, పప్పు, రాజ్మా. ఇంటివాళ్ల మర్యాదకు మాత్రం వంక పెట్టలేం. పెద్దవాళ్లుంటే 60 కిలోమీటర్ల దూరంలోని కార్గిల్ నయం, అక్కడ హోటళ్లు బాగానే ఉన్నాయి. ద్రాస్ పదివేల అడుగుల పైన ఉంటుంది కాబట్టి మొదటిరోజు పరుగులు వద్దు. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఒకటి పట్టుకెళ్లండి. దారిలోని జోజిలా కనుమ దగ్గర ట్రాఫిక్ ఆపేస్తుంటారు, అందుకే శ్రీనగర్‌లో తెల్లవారకముందే బయల్దేరాలి. జూలై 26 కార్గిల్ విజయ్ దివస్ కాబట్టి ఆ రోజుల్లో వెళ్లేవాళ్లు గదులు చాలా ముందే మాట్లాడుకోండి.