లైటు వెలిగే చవక బొమ్మ కొనేముందు వెనక్కి తిప్పి స్క్రూ చూడండి

తిరునాళ్లలో, బస్టాండ్ల దగ్గర, ఆన్‌లైన్‌లో వంద లోపు దొరికే లైటు బొంగరాలు, మెరిసే ఉంగరాలు, పాటలు పాడే కీచైన్లు కొనేవాళ్లకు ఈ హెచ్చరిక. వీటిలో చాలావాటికి బ్యాటరీ మూత గోటితో లాగితే వచ్చేస్తుంది. స్క్రూ ఉన్నా, మెత్తటి ప్లాస్టిక్‌లో మర నిలవదు. నడుమెత్తు నుంచి ఒక్కసారి కింద పడితే చాలు, మూత ఊడి లోపలి బటన్ బ్యాటరీ బిళ్లలు మంచం కిందికి దొర్లిపోతాయి. పాకే పిల్లలకు ముందు దొరికేవి అవే.

వీటిలో చిన్న బిళ్ల, ఎల్ఆర్44 రకం, 11.6 మి.మీ. వెడల్పు ఉంటుంది. అంతకన్నా ప్రమాదం సీఆర్2032 రకం బిళ్ల. వెడల్పు 20 మి.మీ., 3 వోల్టులు, ఇంచుమించు కొత్త రూపాయి బిళ్లంత. పసిపిల్లల అన్నవాహికలో సరిగ్గా ఇరుక్కునే సైజు అది. తడి తగలగానే కరెంటు పారి, మైనస్ వైపు కాస్టిక్ సోడా లాంటి క్షారం పుడుతుంది. రెండు గంటల్లోనే కండ కాలిపోవచ్చు. బొమ్మ వెలగడం మానేసినా ఆ బిళ్లలో కాల్చడానికి సరిపడా కరెంటు మిగిలే ఉంటుంది.

"రూపాయి మింగాడేమో, రేపటికి అదే పోతుందిలే" అని మాత్రం ఆగకండి. చొంగ కారడం, ముద్ద మింగలేకపోవడం, దగ్గు కనిపించవచ్చు, ఏమీ కనిపించకపోవచ్చు కూడా. ఎక్స్‌రేలో నాణెం అంచు ఒకటే గీత, బ్యాటరీకి జంట వలయం. అనుమానం వస్తే వాంతి చేయించకండి. 108కి ఫోన్ చేసి, ఎండోస్కోపీ (గొంతులోంచి గొట్టం పంపి బిళ్లను తీసే సదుపాయం) ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. ఏడాది దాటిన బిడ్డ మింగగలుగుతుంటే, దారిలో పది నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె, ఆరుసార్లకు మించకుండా ఇవ్వవచ్చు. తేనె కోసం బయల్దేరడం ఆపొద్దు. ఏడాది లోపు బిడ్డకు తేనె అసలు వద్దు.

ఇక కొనేటప్పుడు. 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. బ్యాటరీ బొమ్మకైతే గుర్తు పైన ఐఎస్ 15644 అని, కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. నంబరు లేని గుర్తును నమ్మకండి. ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి 'బీఐఎస్ కేర్' యాప్‌లో ఆ లైసెన్సు నంబరు కొట్టండి. వచ్చిన కంపెనీ పేరు డబ్బా మీది పేరుతో కలవకపోతే వెనక్కి ఇచ్చేయండి. "ఇది బొమ్మ కాదండీ, గిఫ్ట్ ఐటమ్" అన్న మాట వినిపిస్తే అక్కడే ఆగిపోండి. (కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మల మీద ఐఎస్ఐ లేదని కంగారుపడక్కర్లేదు, భౌగోళిక గుర్తింపు ఉన్న చేతిపనులకు మినహాయింపు ఉంది.) బిల్లు, డబ్బా ఫొటో ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

ఇంట్లో ఇప్పటికే ఉన్న బొమ్మల్ని ఈరోజే తిప్పి చూడండి. మూత వదులుగా ఉంటే బిళ్లలు తీసేసి, రెండు వైపులా టేపు చుట్టి, పిల్లలకు అందని డబ్బాలో వేయండి. రిమోట్లు, బరువు చూసే మిషన్లు, పాడే గ్రీటింగ్ కార్డుల్లోనూ ఇవే బిళ్లలుంటాయి.