మేజర్ ఎంపికకు సలహా సేవ: నివేదికకు ఐదుకు ఒక మార్కు, మూడో సమావేశానికి ఐదుకు ఐదు

మా అబ్బాయి అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఇంజనీరింగ్‌కు దరఖాస్తు చేసిన ఏడాది, ఏ మేజర్ (డిగ్రీలో ప్రధానంగా చదివే శాఖ) రాస్తే సీటు దక్కే అవకాశం మెరుగవుతుందో చెబుతామన్న ఒక ఆన్‌లైన్ సలహా సేవలో చేరాం. ఐదు సమావేశాలు, పన్నెండు విశ్వవిద్యాలయాల జాబితా, ప్రతి విశ్వవిద్యాలయంలో ఒక్కో మేజర్‌కు అవకాశాన్ని శాతాల్లో చూపే నివేదిక, దరఖాస్తుతో పంపే వ్యాసాల పరిశీలన ఆ సేవలో భాగం. సంస్థ పేరు రాయడం లేదు. ఇదే తరహా సేవలు ఇచ్చేవారు చాలామంది ఉన్నారు కనుక, లోపల ఏముంటుందో తెలిస్తే చాలునని నా ఉద్దేశం.

ముందుగా నివేదిక సంగతి. దశాంశ స్థానాలతో సహా ముద్రించిన ఆ శాతాలు చూడగానే నమ్మాలనిపించేలా ఉన్నాయి. ఈ అంకెలు ఎక్కడివని అడిగితే, విశ్వవిద్యాలయాలు ఏటా ప్రచురించే కామన్ డేటా సెట్ నుంచి తీసుకున్నామన్నారు. ఆ పత్రం నేనూ తెరిచి చూశాను. మొత్తం ఎంతమంది దరఖాస్తు చేశారు, ఎంతమందికి ప్రవేశం ఇచ్చారు, ఎంతమంది చేరారు అన్న లెక్కలు అందులో ఉంటాయి గానీ, మేజర్‌ల వారీగా ప్రవేశాల లెక్క ఉండదు. కొన్ని విశ్వవిద్యాలయాలు విడిగా తమ వెబ్‌సైట్లలో అలాంటి వివరాలు పెట్టే మాట నిజమే అయినా, మా జాబితాలో చాలావాటికి అవి కనిపించలేదు. గట్టిగా అడిగాక, అవి తమ అంచనాలేనని సలహాదారు ఒప్పుకున్నారు. అంచనా వేయడం తప్పు కాదు, దాన్ని లెక్కగా చూపడం తప్పు.

ఆ శాతాల మీద ఆధారపడి ఇచ్చిన సలహా ఇంకా ఇబ్బందికరమైనది. కంప్యూటర్ సైన్స్‌కు పోటీ ఎక్కువ కాబట్టి మెటీరియల్స్ ఇంజనీరింగ్ లేదా పర్యావరణ ఇంజనీరింగ్ రాసి లోపలికి వెళ్లి, మొదటి ఏడాది తర్వాత మారిపోవచ్చని మొదటి సమావేశంలోనే చెప్పారు. కానీ అది అన్నిచోట్లా కుదిరే పని కాదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ స్కూల్ వేరు, ఇంజనీరింగ్ కళాశాల వేరు, దేని ప్రవేశం దానిదే. ఇలినాయ్ విశ్వవిద్యాలయపు అర్బానా-షాంపేన్ క్యాంపస్‌లో మరో మేజర్‌లో చేరినవారు కంప్యూటర్ సైన్స్‌కు మారే వీలు అత్యంత పరిమితం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ క్యాంపస్‌లో ఒకప్పుడు లెటర్స్ అండ్ సైన్స్ కళాశాలలో చేరి, నిర్దేశించిన జీపీఏ (నాలుగు పాయింట్లకు లెక్కించే మార్కుల సగటు) తెచ్చుకుంటే కంప్యూటర్ సైన్స్ ప్రకటించుకునే మార్గం ఉండేది. 2023లో చేరిన విద్యార్థుల నుంచి ఆ దారి మారిపోయి, దరఖాస్తు దశలోనే ఆ మేజర్‌కు ఎంపిక కావడం ప్రధాన మార్గమైంది. మూసేసిన దొడ్డిదారిని చూపించడానికి మా దగ్గర రుసుము తీసుకున్నారన్నమాట.

పైగా తక్కువమంది కోరుకునే మేజర్‌లో సీట్లూ తక్కువే ఉండవచ్చన్న చిన్న విషయం ఆ నివేదికలో ఎక్కడా లేదు. మూడేళ్లుగా రోబోలు, ప్రోగ్రామింగ్ తప్ప వేరే వ్యాపకం లేని పిల్లవాడు హఠాత్తుగా నీటి శుద్ధి మీద మక్కువ అని రాస్తే, దరఖాస్తులు చదివేవారికి అది అతుకులాగే కనిపిస్తుంది.

మూడో సమావేశానికి మా సలహాదారు సెలవులో ఉండి, ఆయన స్థానంలో మరొకావిడ వచ్చారు. సేవ మొత్తంలో మాకు నిజంగా ఉపయోగపడింది ఆ గంటే. శాతాల పట్టికను పక్కన పెట్టి, ప్రతి విశ్వవిద్యాలయం మేజర్‌ను ఏ దశలో లెక్కలోకి తీసుకుంటుందో చూసి ఆవిడ మా జాబితాను తిరగరాయించారు. ఎంఐటీలో ప్రవేశం మేజర్‌తో ముడిపడి ఉండదు, మొదటి ఏడాది ముగిశాక ఎంచుకుంటారు. కాల్‌టెక్‌లోనూ దాదాపు అదే పద్ధతి. అలాంటిచోట మేజర్‌తో ఎత్తుగడలు వేయడం వృథా ప్రయాస. కార్నెల్‌లో ఇంజనీరింగ్ కళాశాలకు ప్రవేశం ఇచ్చి, ఏ శాఖ అన్నది తర్వాత తేలుస్తారు. పర్‌డ్యూలో ముందు అందరికీ ఉమ్మడి మొదటి సంవత్సరం. టెక్సస్ ఏ అండ్ ఎంలోనూ ఉమ్మడిగానే చేరతారు గానీ, మొదటి ఏడాది తర్వాత శాఖల కోసం మళ్లీ పోటీ పడాలి. అప్పట్లో అక్కడ జీపీఏ 3.75 లేదా ఆపైన ఉంటే కోరిన శాఖ ఖాయమన్న నిబంధనను చూపించి, "ఇక్కడ ప్రవేశ పరీక్ష చేరిన తర్వాత జరుగుతుందనుకోండి" అన్నారు. మొదటి ఏడాది కాలిక్యులస్, ఫిజిక్స్ మార్కులకు అంత బరువు ఉంటుందని అప్పటిదాకా మాకు తెలియదు.

దరఖాస్తులోనే మేజర్‌ను చూసి నిర్ణయించే విశ్వవిద్యాలయాలకు మాత్రం రెండో ఐచ్ఛికంగా రాసే మేజర్ గురించి ఆవిడ చాలాసేపు మాట్లాడారు. దాన్ని అడుగుతారా, అడిగినా నిజంగా పరిశీలిస్తారా అన్నది ఒక్కోచోట ఒక్కో రకం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వ్యవస్థలో దరఖాస్తు ఒకటే అయినా ప్రత్యామ్నాయ మేజర్ విషయంలో అన్ని క్యాంపస్‌లూ ఒకే పద్ధతి పాటించవు. రెండో ఐచ్ఛికంగా, దొరికితే సంతోషంగా చదవగలిగిందే రాయమన్నారు. ఇంజనీరింగ్‌లో పాఠ్యాంశాలు ఒకదాని మీద ఒకటి మెట్లలా పేర్చి ఉంటాయి కాబట్టి, ఆలస్యంగా శాఖ మారితే అదనపు సెమిస్టర్లు, వాటి ఫీజులు తప్పవని కూడా హెచ్చరించారు.

వ్యాసాల పరిశీలన మామూలుగా ఉంది. వ్యాకరణం దిద్దారు, అంతకుమించి లేదు. సందేశాలకు జవాబు రావడానికి మూడు నాలుగు రోజులు పట్టేది, గడువుల వారంలో అది చాలా ఎక్కువ.

ఇలాంటి సేవ తీసుకోదలచినవారు డబ్బు కట్టే ముందే ఒక ప్రశ్న అడగండి: మీ జాబితాలోని ఏదైనా విశ్వవిద్యాలయం పేరు చెప్పి, అక్కడ మేజర్ మార్పు నిబంధన ఏమిటో ఆ విశ్వవిద్యాలయం సొంత పేజీలో చూపించమనండి. మా మొదటి సలహాదారు ఆ పని చేయలేకపోయేవారు, మూడో సమావేశంలో వచ్చినావిడ అడగకుండానే చేశారు. నాలుగో, ఐదో సమావేశాలకు కూడా ఆవిడనే పంపమని కోరితే, జతపరిచిన సలహాదారును మార్చడం తమ నియమాల్లో లేదన్నారు. ఆ రెండు సమావేశాలూ మేం వాడుకోలేదు, రుసుము తిరిగి రాలేదు. అబ్బాయి చివరకు అన్నిచోట్లా మొదటి ఐచ్ఛికంగా మెకానికల్ ఇంజనీరింగే రాసి, ఉమ్మడి మొదటి సంవత్సరం ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో చేరాడు. శాఖ ఎంపిక వచ్చే వేసవికి.