బారువలో ఇంకో రాత్రి ఉండాల్సింది

విజయనగరంలో ఉంటూ కూడా సముద్రం అంటే మాకు భీమిలే. మరీ సరదా పడితే పూరీ. ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికంటే పొడవైన తీరం, 193 కిలోమీటర్లు, పక్కనున్న శ్రీకాకుళం జిల్లాదే. అయినా దాన్ని ఎప్పుడూ రైలు కిటికీలోంచి దాటిపోవడమే. ఈ జనవరిలో అమ్మని, మా ఆవిడని, పిల్లలిద్దర్నీ తీసుకుని మూడు రోజులు తిరిగొచ్చాను.

మొదటి రాత్రి శ్రీకాకుళంలో. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉండేది ఆమదాలవలసలో, ఊరికి సుమారు 13 కిలోమీటర్లు. రాత్రి రైలుకి దిగేవాళ్ళు ఆటో ముందే మాట్లాడుకుంటే టెన్షన్ ఉండదు. మా లాడ్జి శుభ్రంగానే ఉంది. కానీ ఫోన్‌లో రోజంతా వేడినీళ్ళు అన్నవాళ్ళు, తీరా వెళ్ళాక పొద్దున్న రెండు గంటల పాటే అన్నారు. కీళ్ళ నొప్పులున్న అమ్మకి అది కష్టమైంది. పెద్దవాళ్ళతో వెళ్తే ఈ ఒక్క మాటా గట్టిగా అడగండి.

మర్నాడు అరసవల్లి, శ్రీకూర్మం. శ్రీకూర్మంలో స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు. గుడిలో పెంచుతున్న నక్షత్ర తాబేళ్ళ దగ్గర్నుంచి పిల్లలు కదల్లేదు.

అక్కడి నుంచి శాలిహుండం. 1919లో ఈ బౌద్ధ క్షేత్రాన్ని వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన ఆయనే ఈ కొండ మీద స్తూపాలను గుర్తించారంటే మా అమ్మాయి నమ్మలేకపోయింది. కొండెక్కితే కింద వంశధార కనిపిస్తుంది. మంచినీళ్ళు మాత్రం వెంట తీసుకెళ్ళాలి. ఆ ఏరు సముద్రంలో కలిసే కళింగపట్నం అక్కడికి దగ్గరే. లైట్‌హౌస్, దర్గా చూశాం. సాయంత్రం గాలి బాగుంది కానీ స్నానానికి పనికొచ్చే చోటు కాదు. మేం నీళ్ళ వైపు వెళ్తుంటే వల సర్దుకుంటున్న పెద్దాయన కేకేశాడు: "దిగకండి బాబూ, ఏరు కలిసే చోటు, లాగేస్తాది!" అప్పుడు మమ్మల్ని ఆపడానికి అక్కడ ఇంకెవరూ లేరు.

ఆ మర్నాడు బారువ బీచ్ కోసం సోంపేటలో రైలు దిగి ఆటో ఎక్కాం. దారి పొడుగునా కొబ్బరితోటలు. ఈ ప్రాంతాన్నే ఉద్దానం అంటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తోటల్ని నేలకూల్చింది. వాళ్ళ నాన్న వేసిన చెట్లలో నాలుగే మిగిలాయని చెబుతూ, ఆటో నడిపే కుర్రాడు కొత్త మొక్కల దగ్గర బండి ఆపి మరీ చూపించాడు. ఆ మొక్కలు ఇప్పుడు నా ఎత్తు దాటాయి.

మహేంద్రతనయ నది కలిసే ఈ తీరంలో ఇసుక మెత్తన, జనం పలచన. 'చిల్కా' అనే ఓడ ఒకప్పుడు ఇక్కడికి దగ్గర్లోనే మునిగిపోయింది. ఒడ్డున బట్టలు మార్చుకునే వసతి మాకు కనబడలేదు, ఆడవాళ్ళకి అది పెద్ద ఇబ్బంది. గదులూ తక్కువే. రాత్రి భోజనం మధ్యాహ్నమే చెప్పి ఉంచాలి. అలా చెప్పినందుకే మాకు కానాగంత చేపల పులుసు దొరికింది. అంత మంచి పులుసు నేను పూరీ హోటళ్ళలో ఎప్పుడూ తినలేదు.

పొద్దున్న టిఫిన్ దగ్గర వడ్డించే ఆవిడ మాతో తెలుగులో, పక్క బల్ల వాళ్ళతో ఒడియాలో మాట్లాడింది. రెండూ ఇంటి భాషలేనట, వాళ్ళ కోడలిది బరంపురం. సరిహద్దు దాటి గోపాలపూర్, పూరీ వెళ్తే అక్కడి జాలర్ల ఇళ్ళలో తెలుగు వినిపిస్తుంది. పూరీలో అన్నిసార్లు తిరిగినా నేను ఆ ఇళ్ళ వైపు ఒక్కసారీ వెళ్ళలేదు. ఇప్పుడు వెళ్ళాలనుంది.

మూడో రోజు తిరుగుదారిలో టెక్కలి దగ్గర తేలినీలాపురం. ఊళ్ళో చెట్ల మీదే గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ గూళ్ళు కట్టుకుని ఉన్నాయి. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులని ఊరివాళ్ళు వాటిని ఎవరినీ తాకనివ్వరు. కొండెక్కలేక శాలిహుండంలో కిందే కూర్చుండిపోయిన అమ్మ, ఇక్కడ మాత్రం పిల్లలకి ఒక్కో గూడూ చూపిస్తూ గంటసేపు నిలబడింది.