గెలాక్సీ బరువు: వెలుగుతో తూచాలా, వేగంతోనా?

పలాసలో పిక్కల బేరం చూసినవాళ్లకి తెలుసు. 80 కిలోల జీడిపిక్కల బస్తాలు రెండు పక్కపక్కన పెడితే కాటా తేడా చెప్పదు. గుప్పెడు తీసి కోస్తే ఒకదాంట్లో పప్పు నిండుగా ఉంటుంది, ఇంకోదాంట్లో ముడుచుకుపోయి ఉంటుంది. దీర్ఘవృత్తాకార గెలాక్సీల (గుడ్డు ఆకారంలో ఉండే నక్షత్రాల గుంపుల) దగ్గర మన తిప్పలు దీనికి తలకిందులు. పప్పు కనిపిస్తుంది, బస్తా బరువే తెలీదు. పప్పంటే ఇక్కడ వెలుగు.

వెలుగు చూసి బరువు కట్టడం చవక పద్ధతి, ఫొటో ఉంటే చాలు. ఓ ఏప్రిల్ రాత్రి కాశీబుగ్గలో మేడ మీద చిన్న టెలిస్కోప్‌ని కన్యారాశి వైపు తిప్పితే అలాంటి గెలాక్సీ ఒకటి, ఎం87, దొరికింది. కళ్లద్దాల మీద వేలిముద్ర పడ్డట్టు చిన్న మసక, అంతే. అది 5.4 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఆ మసకని బరువుగా మార్చాలంటే ఇంత వెలుగుకి ఇంత పదార్థం అని ముందే అనుకోవాలి. చిక్కంతా అక్కడే. చిన్న ఎర్ర నక్షత్రాలకి బరువుంది, వెలుగు బొటాబొటీ. బరువుండీ కంటికి కనపడని కృష్ణ పదార్థానికి అదీ లేదు.

నా ఓటు లోపలి నక్షత్రాల వేగానికి. ఎం87 లాంటి పెద్దవాటిలో నక్షత్రాలు గానుగలా ఒకే వైపు తిరగవు, తేనెపట్టు కదిపినట్టు తలో దిక్కు పోతాయి. బరువు ఎక్కువైతే ఆ పరుగూ ఎక్కువ, వెలుగుని రంగులుగా విడదీస్తే వచ్చే వర్ణపటంలో గీతలు వెడల్పవుతాయి. వేగం రెట్టింపైతే వెలుగు దాదాపు 16 రెట్లని 1976లో ఫేబర్, జాక్సన్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు చూపించారు. 1987లో రెండు బృందాలు వేగానికి సైజునీ, ఉపరితల వెలుగునీ జతచేస్తే, గ్రాఫులో చెల్లాచెదురుగా ఉన్న గెలాక్సీలన్నీ ఒకే తలం (చదునైన పలక లాంటిది) మీదకి వచ్చాయి. ఆ తలం మాత్రం, అన్నిట్లో వెలుగుకి బరువు ఒకే పాళ్లలో ఉందనుకున్న లెక్క చెప్పిన చోట కాకుండా కాస్త వాలి ఉంది. పెద్ద గెలాక్సీల్లో ఒక్కో వంతు వెలుగుకి బరువు ఎక్కువ, బస్తా పెద్దదయ్యేకొద్దీ తొక్క వాటా పెరిగినట్టు. అంటే వెలుగుని నమ్మినవాడు పెద్ద బేరంలోనే ఎక్కువ నష్టపోతాడు. వేగానికీ ఓ లోపముంది: మన వైపు వచ్చే, పోయే కదలికే కొలవగలం. కక్ష్యలు పొడుగ్గా ఉన్నాయో గుండ్రంగా ఉన్నాయో ఊహించాలి.

ఆ ఊహ అక్కర్లేనిది గురుత్వ కటకం. ముందున్న గెలాక్సీ గురుత్వానికి వెనకున్న గెలాక్సీ వెలుగు వంగి రింగులా కనిపిస్తే, రింగు లోపలున్న మొత్తం బరువు నేరుగా వచ్చేస్తుంది. 59 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్‌జీసీ 6505 అనే గెలాక్సీ చుట్టూ యూక్లిడ్ అంతరిక్ష టెలిస్కోప్ పట్టిన రింగు వార్త 2025లో వచ్చింది. ఆ రింగు లోపల కృష్ణ పదార్థం 11 శాతమే అని తేలింది. కానీ రెండు గెలాక్సీలు ఒకే వరసలో పడాలి, అది అదృష్టం. పైగా నడిమి భాగం సంగతే తెలుస్తుంది. అలాంటిది దొరికినచోట వేగాన్ని కూడా కొలుస్తారు: రింగు బరువెంతో తేలుస్తుంది, ఆ బరువు లోపల ఎలా పరుచుకుందో వేగం చెప్తుంది.