సీతమ్మ గుడి దాకా వెళ్ళి హక్గలా చూడకుండా వచ్చేస్తారా?

శ్రీలంక రామాయణ ప్యాకేజీల్లో కాగితం మీద లేని మజిలీ ఒకటుంటుంది. కొలంబో నుంచి క్యాండీ వెళ్ళేటప్పుడు మావనెల్ల దగ్గరో, దంబుల్లా నుంచి వచ్చేటప్పుడు మాతలే దగ్గరో డ్రైవర్ బండి పక్కకు తీసి "స్పైస్ గార్డెన్, టికెట్ లేదు" అంటాడు. టికెట్ లేకపోవడంలోనే ఉంది కిటుకంతా. ఒకాయన నాలుగు మిరియాల తీగలు, ఒక కోకో చెట్టు చూపించి బెంచీ మీద కూర్చోబెడతాడు. మగవాళ్ళ పిక్క మీద క్రీము రాసి, తుడిచి, వెంట్రుకలు ఊడిన చోటు చూపిస్తాడు. మోకాళ్ళ నొప్పులన్న పెద్దావిడకి నూనె మర్దనా చేయిస్తాడు. చేసిన కుర్రాడికి టిప్పు వేరే. ఆఖర్న చేతిలో పెట్టే ధరల కాగితంలో చిన్న నూనె సీసా కూడా వేలల్లోనే. అందులో డ్రైవర్ కమీషన్ కూడా కలిసే ఉంటుంది. మొహమాటానికి ఏదో ఒకటి కొనేసి, బండెక్కాక మొగుడూ పెళ్ళాలు ఒకరి మీద ఒకరు విసుక్కుంటారు. దాల్చినచెక్కే కావాలంటే ఏ ఊరి సూపర్‌మార్కెట్‌లోనైనా ప్యాకెట్ మీద వేసిన ధరకే దొరుకుతుంది.

అక్కడ పోయిన గంటన్నరకి కోత పడేది కొండ ఊరు నువారా ఎలియాలో. సీతా ఎలియాలో సీతమ్మ గుడి, వాగు ఒడ్డున రాతి మీద హనుమంతుడి పాదాలంటూ చూపించే గుంటలు, ఒక ఫొటో, ఇక పదండి అంటారు. అదే బదుల్ల రోడ్డు మీద కిలోమీటరు ముందుకెళితే హక్గలా బొటానికల్ గార్డెన్ ఉంది. అశోకవనం ఈ చుట్టుపక్కలే అని స్థానికుల నమ్మకం. 1861లో మలేరియా మందు క్వినైన్ కోసం సింకోనా పెంచడానికి వేసిన తోట ఇది. ఎత్తు సుమారు 5,500 అడుగులు. గులాబీల దగ్గరే ఆగిపోకండి. మనిషి కంటే ఎత్తున పెరిగే ఫెర్న్ చెట్లు పైన నీడలో ఉంటాయి. పొద్దున్నే వెళ్ళాలి, మధ్యాహ్నం దాటితే మంచు దిగి పక్కనున్న కొండే కనబడకుండా పోతుంది. స్వెటర్ తప్పనిసరి, చేతిలో తినుబండారాలుంటే కోతులు వదలవు. విదేశీయుల టికెట్ అక్కడి డబ్బులో మూడు వేల పైచిలుకు, స్థానికులకు అందులో చిన్న వంతే. ఒళ్ళు మండుతుంది గానీ ఇవ్వచ్చు. కారు లేకపోతే నువారా ఎలియాలో వెలిమడ బస్సెక్కండి, గేటు ముందే దింపుతుంది. ఏప్రిల్‌లో పూలు బాగుంటాయి, గదుల అద్దెలు మాత్రం అందవు.

క్యాండీ దగ్గరి పెరదెనియ బొటానికల్ గార్డెన్ అందరికీ తెలిసిందే, చెప్పేదేం లేదు.

మనవాళ్ళు బొత్తిగా పట్టించుకోనివి నైరుతి తీరాన బెంతోట వైపున్న రెండు తోటలు. మొదటిది లునుగంగ, శ్రీలంక ఆర్కిటెక్ట్ జెఫ్రీ బావాది. 1948లో కొన్న పాత ఎస్టేట్‌ని 2003లో పోయేదాకా మారుస్తూనే ఉన్నాడు. ఇంటి మెట్ల మీద నుంచుంటే గడ్డి కొండ, దాని వెనక చెరువు, ఆ అవతల దూరాన తెల్లటి స్తూపం ఒకే గీతలో కనబడతాయి. ఆ స్తూపం కనబడాలనే కొండ నెత్తిని చెక్కించాడు. మధ్యలో ఊరి రోడ్డు కూడా ఉంది, కాకపోతే పల్లంలో పోతుంది గనక కంటికి ఆనదు. దేవగన్నేరు కొమ్మలు పక్కలకు వంగి పెరగడానికి బరువులు కట్టించేవాడు. గైడ్‌తో నిర్ణీత వేళల్లోనే చూపిస్తారు, ముందే బుక్ చేసుకోవాలి. లోపల గదులూ అద్దెకిస్తారు. ఖరీదెక్కువ, తోట కోసమైతే పగటి టూరు చాలు.

నన్నడిగితే జెఫ్రీ వాళ్ళన్నయ్య బెవిస్ బావా వేసిన బ్రీఫ్ గార్డెనే ఇంకా బాగుంటుంది. 1929లో మొదలుపెట్టాడు. ఇరుకు దారులు, వెదురు నీడ, నాచు పట్టిన మెట్లు. ఇల్లు కూడా చూపిస్తారు. ఆస్ట్రేలియా చిత్రకారుడు డొనాల్డ్ ఫ్రెండ్ కొద్దిరోజులకని వచ్చి ఏళ్ళ తరబడి ఉండిపోయి గోడ మీద వేసిన బొమ్మ లోపలుంది. నగ్న శిల్పాలుంటాయి, అత్తామామలతో వెళ్ళేవాళ్ళు ముందే తెలుసుకుంటే మంచిది. దోమల క్రీము మర్చిపోవద్దు. అలుత్‌గమ స్టేషన్‌లో దిగి ఆటో మాట్లాడుకోండి. రానూపోనూ, వెయిటింగ్‌తో కలిపి ఎంతో ఎక్కేముందే తేల్చుకోవాలి, తిరుగు ఆటో అక్కడ దొరకడం కష్టం. మే నుంచి సెప్టెంబర్ దాకా ఈ తీరానికి నైరుతి వానలు, డిసెంబర్ నుంచి మార్చి మేలు.

తిరుగు ఫ్లైటు రాత్రికైతే గంపహలోని హెనరత్‌గొడ తోటకి ఆ పూట కేటాయించండి. విమానాశ్రయానికి దగ్గరే, కొలంబో నుంచైతే లోకల్ రైలుంది. బ్రెజిల్ రబ్బరు విత్తనాల నుంచి లండన్‌లోని క్యూ (Kew) బొటానికల్ గార్డెన్‌లో మొలిపించిన మొక్కల్ని 1876లో తెచ్చి నాటింది ఇక్కడే. బస్సుల రద్దీ ఉండదు, పిల్లలు పరిగెత్తినా ఎవరూ అరవరు. సామాన్లు మాత్రం కారులోనో హోటల్లోనో వదిలి వెళ్ళండి.