కాళేశ్వరం వంతెన దాటితే సిరొంచ

హనుమకొండ నుంచి కాళేశ్వరం వరకు ప్రయాణం హాయిగా సాగింది. పరకాల, భూపాలపల్లి మీదుగా బస్సులకు కొదవ లేదు. ఒకే పానవట్టం మీద రెండు లింగాలను దర్శించుకుని, గోదావరి, ప్రాణహితల సంగమంలో మునిగి చాలామంది అక్కడినుంచే ఇంటిదారి పడతారు. నేను మాత్రం గోదావరి వంతెన దాటే షేర్ ఆటో ఎక్కాను. అవతలి ఒడ్డు మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా. మా మేనత్త మెట్టినిల్లు సిరొంచలోనే.

దుకాణాల మీద పేర్లు మరాఠీలో ఉంటాయి, లోపల బేరమంతా తెలుగులో జరుగుతుంది. 1860ల్లో ఇది అప్పర్ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణం. గోదావరి, ప్రాణహితల మీదుగా పత్తిని పడవల్లో సముద్రం దాకా తీసుకుపోవాలని ఇంగ్లీషువాళ్లు పెద్ద ఆలోచనే చేశారు. రాతి బండల అడ్డంకులను దాటించలేక 1871లో ఆ పని వదిలేశారు. ప్రాణహిత గట్టున నిలబడి సాయంకాలపు నీటిని చూస్తే వాళ్ల ఆశ ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. నేను చూసిన నదీతీరాల్లో ఇంత విశాలమైనది మరొకటి లేదు.

మొదటి రాత్రి ఒక లాడ్జిలో దిగాను. 600 రూపాయలు. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు బకెట్టుతో తెచ్చి ఇచ్చారు. గోడలకు చెమ్మ, అర్ధరాత్రి దాకా కరెంటు లేదు. ఆ డబ్బుకు తప్పుపట్టను. మర్నాడు పొద్దున సంగతి తెలిసిన అత్తయ్య మాత్రం ఊరుకోలేదు. "ఇల్లు ఉండగా లాడ్జి ఏమిటి నాయనా, వరద మా ఇంటిని తీసుకుపోయిందనుకున్నావా?" అంది.

ఆ మాటతోనే 2022 జులై కథ మొదలైంది. ఆ ఏప్రిల్‌లో 13 నుంచి 24 వరకు ప్రాణహిత పుష్కరాలు. ఊరంతా వచ్చినవాళ్లకు అన్నం పెట్టింది. మూడు నెలలు తిరగకుండానే అదే నది చేల మీదికి వచ్చింది. గోదావరి కూడా నిండి పారుతుండటంతో ప్రాణహిత నీరు సంగమం దగ్గర దిగడానికి దారిలేక వెనక్కి ఎగదన్నింది. దిగువన 85 గేట్ల మేడిగడ్డ బ్యారేజీకి 28 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిన రోజులవి. జులై 16న భద్రాచలంలో నీటిమట్టం 71.3 అడుగులు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చిన వరదను చూసిన పెద్దలు కూడా పొలాల్లో నీళ్లు ఇన్ని రోజులు నిలవడం అప్పుడు చూడలేదంటున్నారు. బ్యారేజీ వెనుక జలాలే కారణమని ఇక్కడ అడిగిన ప్రతి రైతూ చెప్పాడు. పరిహారం కోసం దీక్షలు కూడా చేశారు.

అవతలి ఒడ్డున కాళేశ్వరం ఎత్తిపోతల పథకం కోసం కట్టిన కన్నెపల్లి పంపుహౌస్ మునిగితే ఆ మోటార్ల ఫొటోలు మనం ఎన్నో రోజులు చూశాం. ఈ ఒడ్డున మొలకెత్తిన పత్తి పోయిందని, పొలాల్లో మోకాలెత్తు ఇసుక మేటవేసిందని నాకు అత్తయ్య ఫోను చేస్తేగాని తెలియలేదు. అందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. నీళ్లు పెరుగుతుంటే ఆమె ముందుగా దాచింది బంగారం కాదు, పొలం సాత్‌బారా కాగితం, అంటే భూమి ఎవరిదో చెప్పే మహారాష్ట్ర రెవెన్యూ పత్రం. తలాఠీ (ఊరి రెవెన్యూ అధికారి) వచ్చి నష్టం పంచనామా రాసేటప్పుడు అది లేకపోతే పొలం ఉన్నా లేనట్టే.

వీలుంటే వడదం శిలాజాల పార్కు చూడండి. ఈ తాలూకా నేలలోనే బారాపాసారస్ అనే భారీ డైనోసార్ ఎముకలు దొరికాయి. ఆలాపల్లి వైపు రోడ్డు మాత్రం నడుములు విరిచేస్తుంది. జిల్లా కేంద్రం 200 కిలోమీటర్లకు పైగా దూరం కాబట్టి జబ్బు చేస్తే ఇక్కడివాళ్లు వరంగల్‌కో మంచిర్యాలకో పరుగెత్తుతారు. వృద్ధులతో వచ్చేవారు కాళేశ్వరంలోనే బస చేయడం మేలు. మిగతావారు ఒక రాత్రయినా సిరొంచలో ఉండండి, ఇక్కడే తినండి, ఇక్కడే కొనండి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం బాగుంటుంది. చీకటి పడితే ఆటోలు దొరకవు.

బయలుదేరేముందు అత్తయ్య పొలానికి తీసుకెళ్లింది. మూడెకరాల్లో ఎకరన్నర మీది ఇసుకను అప్పుచేసి జేసీబీతో తీయించింది. అందులో పండిన ఎండుమిర్చి ఒక సంచి నా చేతికిచ్చింది. మిగతా ఎకరన్నరలో ఇసుక అలాగే ఉంది, దానిమీద తుమ్మ మొక్కలు నా భుజం దాకా ఎదిగాయి.