పాత కమాండ్‌ను సాగనంపడం: హెచ్చరించాలా, తీసేయాలా, లోపల మార్చేయాలా?

లినక్స్ సర్వర్ల మీద ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు కొన్ని కమాండ్లు ఆలోచించకుండానే వేళ్ల మీదకు వస్తాయి. అలాంటి మూడింటిని (ఫైళ్లలో పదాలు వెతికే ఈగ్రెప్, నెట్‌వర్క్ అడ్రసులు చూపించే ఐఎఫ్‌కాన్ఫిగ్, ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి ఫైళ్లు పంపే ఎస్‌సీపీ) మూడు రకాలుగా పక్కకు జరిపారు. నా ఓటు ఎస్‌సీపీ విషయంలో చేసిన పద్ధతికే.

ముందు ఈగ్రెప్ సంగతి. ఇది 1979 నాటి ఏడో ఎడిషన్ యూనిక్స్‌లోనే ఉంది. దాని అన్న లాంటి గ్రెప్ కమాండ్‌కు పెద్దక్షరం -ఈ తగిలిస్తే అదే పని జరుగుతుంది కాబట్టి, లినక్స్‌లో వాడే గ్రెప్‌ను తయారుచేసే గ్నూ ప్రాజెక్టు వాళ్లు 2007 నుంచే దీన్ని వద్దంటున్నారు. 2022 సెప్టెంబరులో వచ్చిన గ్రెప్ 3.8 నుంచి, వాడిన ప్రతిసారీ 'దీనికి కాలం చెల్లింది' అన్న హెచ్చరిక పెట్టారు. యూనిక్స్ తరహా సిస్టమ్‌లన్నిటికీ ఉమ్మడిదైన పోసిక్స్ ప్రమాణంలో ఈగ్రెప్ ఇప్పుడు లేదు, వేరే సిస్టమ్‌లో దొరక్కపోవచ్చు అన్నది వాళ్ల వాదన. అందులో న్యాయం ఉంది. కానీ క్రాన్‌లో, అంటే పెట్టిన టైముకు పనులు దానంతటదే నడిపే ఏర్పాటులో, నడిచే స్క్రిప్టు (వరసగా రాసిపెట్టిన కమాండ్లు) ఒక్క లైను బయటకు పంపినా మెయిల్ వచ్చిపడుతుంది. నేను చూసుకునే ఒక సర్వర్‌ను అప్‌గ్రేడ్ చేసిన మర్నాడు ఇన్‌బాక్స్ అంతా ఇవే. డిస్క్ నిండిపోతోందని చెప్పే అసలైన మెయిల్ ఆ గుంపులో పడి సాయంత్రం దాకా నా కంట పడలేదు. గ్రెప్‌ను పిలిచే చిన్న షెల్ స్క్రిప్టు తప్ప గ్నూ ఈగ్రెప్‌లో ఇప్పుడు వేరే ఏమీ లేదు. దాన్ని అలాగే వదిలేస్తే ఎవరికి నష్టం?

ఐఎఫ్‌కాన్ఫిగ్‌ది ఇంకో దారి. డెబియన్ అనే లినక్స్ రకంలో 9వ వెర్షన్ నుంచి, అంటే 2017 నుంచి, ఆ కమాండ్ ఉండే నెట్‌టూల్స్ ప్యాకేజీ కొత్త ఇన్‌స్టలేషన్లలో దానంతటదే రాదు. కమాండ్ కొడితే 'దొరకలేదు' అంటుంది, అంతే. చాలామంది వెంటనే ఆ ప్యాకేజీ తెచ్చుకుని పాత దారినే పోతారు. నన్ను బాధపెట్టేది ఇదే, ఎందుకంటే ఇక్కడ మారాల్సిన అవసరం నిజంగా ఉంది. దాని స్థానంలో వచ్చిన ఐపీ కమాండ్‌తో ఒకే నెట్‌వర్క్ కార్డుకు లేబుల్ లేకుండా రెండో అడ్రసు ఇచ్చి చూడండి, ఐఎఫ్‌కాన్ఫిగ్ దాన్ని చూపించదు. హెచ్చరిక ఉండాల్సింది ఇక్కడ.

ఎస్‌సీపీలో చిక్కు పేరుతో కాదు, లోపలి ప్రోటోకాల్‌తో, అంటే రెండు కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతితో. మనం అడగని ఫైళ్లను కూడా దుర్బుద్ధి గల సర్వర్ మన మీదకు తోసే వీలుండేది. ఆ ప్రోటోకాల్ పాతబడింది, సరిచేయడం తేలిక కాదు అని ఎస్‌సీపీని తయారుచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ వాళ్లు 2019లోనే చెప్పారు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 9.0లో కమాండ్ పేరు అలాగే ఉంచి, లోపల ఎస్‌ఎఫ్‌టీపీ అనే ఇంకో ఫైళ్ల బదిలీ ప్రోటోకాల్‌కు మార్చేశారు. రోజూ వాడేవాళ్లలో చాలామందికి తేడా తెలియనే లేదు. ఇబ్బందులు లేకపోలేదు: ఎస్‌ఎఫ్‌టీపీ లేని పాత రౌటర్లకు ఫైళ్లు వెళ్లవు, అవతలి కంప్యూటర్లో కమాండ్లను చదివి నడిపే షెల్ కోసం ఫైలు పేర్లకు రెండేసి కొటేషన్లు పెట్టిన స్క్రిప్టులు దెబ్బతింటాయి. అయితే పెద్దక్షరం -ఓ పెడితే పాత ప్రోటోకాల్ ఇప్పటికీ నడుస్తుంది. ప్రమాదాన్ని అందరికీ తప్పించి, కష్టాన్ని తప్పనిసరైన కొద్దిమందికే పరిమితం చేశారు.

ఐఎఫ్‌కాన్ఫిగ్‌కూ ఇలాంటిదే చేసి ఉండాల్సింది. అదే పేరుతో చిన్న స్క్రిప్టు ఒకటి పెట్టి, లోపల ఐపీ కమాండ్‌ను నడిపి, అడ్రసులన్నీ చూపిస్తే చాలు. చూడటానికి మాత్రమే వాడే మనలాంటివాళ్లకు రెండో అడ్రసు కూడా కనపడేది.